గెటిస్‌బర్గ్ ఎండలో దిగే ముందు

1863 జూలై 1 నుంచి 3 దాకా పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో అమెరికా అంతర్యుద్ధంలోకెల్లా ఎక్కువ మంది బలైన పోరు జరిగింది. ఆనాటి దుస్తుల్లో ఆ యుద్ధాన్ని మళ్లీ చేసి చూపించే రీఎనాక్ట్‌మెంట్లు చాలావరకు ఎండాకాలంలోనే ఉంటాయి. ఈసారి కొత్తగా చేరదామనుకుంటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు భయపడాల్సింది ఎండకి. ఒంటి నిండా ఉన్ని బట్టలు, చేతిలో నాలుగు కిలోల తుపాకి. మన ఊళ్లో 42 డిగ్రీలు చూశాం, ఇదెంత అనుకోకండి. నేను మొదటిసారి అదే ధీమాతో పొద్దున కాఫీ ఒక్కటే తాగి వరసలో నిలబడ్డాను. పదకొండు దాటేసరికి కళ్లు మసకబారాయి, చేతులు చల్లబడ్డాయి. పక్కనున్నాయన నన్ను చెట్టు కిందికి లాక్కెళ్లి, కోటు గుండీలు విప్పి మెడ మీద నీళ్లు పోశాడు. ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగండి, ఉప్పగా ఏదైనా తినండి. తల తిరిగితే నోరు తెరిచి చెప్పండి. ఊరికే పడిపోతే నటన అనుకుంటారు. నిజంగా దెబ్బ తగిలితే మా దళంలో "మెడిక్" అని అరుస్తాం, ఆ మాట నాటకంలో ఇంకెక్కడా వాడం.

గుండు ఉండదు కదా అని తుపాకిని తేలిగ్గా తీసుకోవద్దు. దగ్గర్నుంచి పేలితే మంట చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది. అందుకే ఎదుటివాళ్లు దగ్గరికొస్తే గొట్టం పైకెత్తుతాం. గొట్టంలో తుపాకి మందు పోయడం వరకే, రామ్‌రాడ్‌తో కూరడం ఉండదు. ఆ ఇనుప చువ్వను గొట్టంలో మరిచిపోతే బాణంలా దూసుకెళ్తుంది. పొద్దున తనిఖీలో అదే చువ్వను ఖాళీ గొట్టంలోకి వదిలితే అడుగున తగిలి ఠంగుమని మోగాలి. చప్పుడు మొద్దుగా వస్తే లోపల మసి ఉన్నట్టే. తర్వాత గొట్టం మూతి గడ్డిపోచ దగ్గర పెట్టి ఉత్త క్యాప్ (తుపాకి మందుకు నిప్పంటించే చిన్న మూత) పేలుస్తారు. పోచ ఊగితే దారి శుభ్రం. ఈ రెండూ చూడని దళంలో చేరకండి. తుపాకి పేలకపోతే లోపలికి తొంగిచూడకుండా గొట్టం పైకే పట్టుకుని సార్జెంట్‌ని పిలవండి. చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి. ఫిరంగి ముందుకూ గుర్రం వెనక్కూ అసలు వెళ్లొద్దు.

వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి ముట్టుకునే ముందు లాయర్‌ని అడగాలి, రాష్ట్రాన్ని బట్టి చట్టం మారుతుంది. అందాకా నీళ్లు మోసే పనిలో, శిబిరం వంటలో చేరొచ్చు. అదీ కావాల్సిన పనే.

మొదటి సీజన్‌కి ఏమీ కొనకండి, దళంలో అరువిస్తారు. బూట్లు మాత్రం సొంతంగా కొని, నెల ముందు నుంచే ఇంట్లో వేసుకుని నడవండి. గడ్డిలో పడుకుంటాం కాబట్టి రాత్రి పడుకునే ముందు మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో పిడుదులున్నాయేమో చూసుకోండి. అక్కడి పిడుదుల వల్ల లైమ్ జబ్బు వస్తుంది.