కేథడ్రల్‌ని చదవడం, 4వ పాఠం: అతుకులు పట్టుకోవడం

పోయిన పాఠంలో కప్పు బరువు మొనదేలిన కమానుల మీదుగా బయటి ఆసరా కమానుల్లోకి ఎలా దిగుతుందో గీశాం. ఈసారి గీసే పని తక్కువ, చూసే పని ఎక్కువ: వేర్వేరు కాలాల్లో కట్టిన భాగాలు కలిసే చోట్లు, అంటే అతుకులు, వెతుకుతాం.

ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కేథడ్రల్ పడమటి ముఖం ఫోటో ఒకటి, నిటారుగా ఎదురు నుంచి తీసినది, పెద్దగా ప్రింట్ తీసుకోండి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ పెన్సిళ్లు కావాలి. 12వ శతాబ్దపు పనికి ఎరుపు, 1194 తర్వాతి పనికి నీలం, 16వ శతాబ్దానికి ఆకుపచ్చ.

ముందు శిఖరాలు. కుడివైపుది నున్నగా ఉంటుంది, ఎత్తు దాదాపు 105 మీటర్లు. ఎడమవైపుది 113 మీటర్లు, రాతితో లేసు అల్లినట్టుంటుంది. ఎడమ బురుజుకి మొత్తం ఆకుపచ్చ పూసేశారా? నేనూ మొదటిసారి అదే చేశాను. రబ్బరు తీయండి. దాని అడుగు భాగం 1134 అగ్నిప్రమాదం తర్వాత మొదలైంది, కుడి బురుజు కన్నా ముందే. పైనున్న చెక్క శిఖరం 1506లో పిడుగుపాటుకి పోయింది. 1507-1513 మధ్య జెహాన్ ద బోస్ అనే మేస్త్రీ ఇప్పటి రాతి శిఖరం కట్టాడు. ముఖం మొత్తంలో అన్నిటికన్నా పాత రాయి, అన్నిటికన్నా కొత్త రాయి రెండూ ఈ ఒక్క బురుజులోనే ఉన్నాయన్నమాట.

ఇప్పుడు మధ్య భాగం. మూడు ద్వారాలు, వాటిపై మూడు పొడుగు కిటికీలు: ఎరుపు. ఆపైన గుండ్రటి గులాబీ కిటికీ: నీలం. ఎందుకంటే 1194 జూన్ 10 రాత్రి మంటల్లో వెనకనున్న చర్చి కాలిపోయింది, ఈ ముఖం, నేలమాళిగ మిగిలాయి. మరియమాత ధరించినదని నమ్మే వస్త్రం కూడా పోయిందనుకున్నారు. అది నేలమాళిగలో భద్రంగా దొరికింది. ఆ ఊపులో కట్టిన కొత్త చర్చి లోపలి ఎత్తు సుమారు 37 మీటర్లు. పాత ముఖం దానికి పొట్టి. ఆ లోటు పూడ్చడానికే గులాబీ పైకొచ్చింది.

ఏది ఏ కాలందో సందేహం వస్తే విగ్రహాల పాదాలు చూడండి. పడమటి ద్వారాల దగ్గరి రాజులూ రాణులూ స్తంభాల్లా బిగుసుకుని, పాదాలు కిందికి వేలాడేసి ఉంటారు. ఉత్తర ద్వారంలోని 13వ శతాబ్దపు విగ్రహాలు కుదురుగా నిలబడి, పక్కకి తిరుగుతాయి.

లోపల ఇంకో అతుకుంది. చాలాకాలం అందరూ మెచ్చుకున్న ఆ గంభీరమైన చీకటికి ముదురు రంగుటద్దాలు ఒక కారణమైతే, కొవ్వొత్తుల మసి ఇంకొకటి. 2009లో మొదలైన మరమ్మతుల్లో మసి తీస్తే కింద 13వ శతాబ్దపు లేత పసుపు పూత, దాని మీద తెల్ల గీతలతో వేసిన ఉత్తుత్తి రాతి వరుసలు బయటపడ్డాయి. గోడలకి మళ్లీ ఆ రంగే వేయడంతో పెద్ద గొడవైంది. నాకైతే చీకటే ఇష్టం, కానీ కట్టినవాళ్లు చూసింది అది కాదు.

వచ్చే పాఠానికి లోపలి కిటికీ ఫోటో ఒకటి తెచ్చుకోండి. కింది గళ్లలో రొట్టెలు కాల్చేవాళ్లూ చెప్పులు కుట్టేవాళ్లూ కనిపిస్తారు. చదవడం అక్కడి నుంచే, కింది నుంచి పైకి.