క్వెరీ నడపకముందే దాని ఖర్చు ఎలా లెక్కవేయాలి?

రావులపాలెం దగ్గర ఒక రైస్ మిల్లు ఉందనుకోండి. ధాన్యం కొనుగోళ్ల టేబుల్‌లో 60,000 వరుసలు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో అది 8 కేబీ పేజీలు 1,000 పట్టింది. మీ టేబుల్‌కి ఈ రెండు అంకెలూ పీజీ_క్లాస్ అనే సిస్టమ్ టేబుల్‌లో రెల్‌టపుల్స్ (వరుసలు), రెల్‌పేజెస్ (పేజీలు) కాలమ్‌లలో దొరుకుతాయి. ముందు వాటిని రాసిపెట్టుకోండి.

ఇప్పుడు ఆత్రేయపురం మండలం, ర్యాలి గ్రామం కొనుగోళ్లు కావాలి. ఇండెక్స్ (వరుసల్ని త్వరగా వెతికిపెట్టే సూచీ) లేదు. డేటాబేస్‌ని అడిగే ప్రశ్నకి, అంటే క్వెరీకి, ముందు ఎక్స్‌ప్లెయిన్ చేర్చి ఎంటర్ కొట్టండి. క్వెరీ నడవదు, ప్లాన్ మాత్రమే వస్తుంది:

సీక్ స్కాన్, కాస్ట్=0.00..1900.00, రోస్=30

సీక్ స్కాన్ అంటే టేబుల్ మొత్తం వరసగా చదవడం, కాస్ట్ అంటే ఖర్చు అంచనా, రోస్ అంటే వస్తాయనుకునే వరుసలు. ఆ 1,900 ఎక్కడిదో ఒకసారి చేత్తో లెక్కేయండి, భయం పోతుంది. వరసగా చదివే పేజీకి 1 చొప్పున 1,000. వరుసకి 0.01 చొప్పున 600. షరతుకి వరుసకి 0.0025, షరతులు రెండు (మండలం, గ్రామం) కాబట్టి 300. ఇవి మిల్లీసెకన్లు కావు, రెండు ప్లాన్లను పోల్చుకునే కొలత మాత్రమే. ఇండెక్స్ పట్టుకుని చెదురుమదురుగా చదివితే పేజీకి 4. సగం టేబుల్ కావాల్సినప్పుడు ఇండెక్స్ ఉన్నా వాడకపోవడానికి కారణం అదే.

కాస్ట్ కంటే రోస్ మీద కన్నేయండి. తప్పులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. ర్యాలివి నిజానికి 600 వరుసలు. ప్లాన్ వేసే ప్లానర్ మాత్రం గ్రామం వందో వంతు, మండలం ఇరవయ్యో వంతు అని రెండూ గుణించి 30 అంది. ర్యాలి ఆ మండలంలోదేనని దానికి తెలియదు. ఈ 30ని నమ్మి రైతుల టేబుల్‌తో నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకీ రెండో టేబుల్‌లో వెతకడం) ఎంచుకుంటే, లోపలి పని 30 సార్లు కాదు, 600 సార్లు జరుగుతుంది. గ్రామం, మండలం కాలమ్‌ల మీద డిపెండెన్సీస్ (ఒక కాలమ్ తెలిస్తే రెండోది తెలిసిపోవడం) రకంతో క్రియేట్ స్టాటిస్టిక్స్ ఇచ్చి, ఎనలైజ్ నడపండి. అంచనా 600 దగ్గరికి వస్తుంది.

ఎనలైజ్ చేసేది బస్తాలో గొట్టం గుచ్చి గుప్పెడు ధాన్యం తీసి చూడటం లాంటిదే. మామూలు సెట్టింగ్‌లో 30,000 వరుసలు తీస్తుంది. దాళ్వా కోతలప్పుడు ఎంట్రీలు ఒక్కసారిగా పడతాయి. ఈ టేబుల్‌కి సుమారు 6,050 వరుసలు మారేదాకా తనంతట తాను నడిచే ఆటోవాక్యూమ్ ఎనలైజ్‌ని తిరిగి నడపదు. ఆలోగా "ఈ వారం కొన్నవి" అని అడిగితే రోస్=1 అని రావచ్చు. అలాంటప్పుడు మీరే ఎనలైజ్ కొట్టండి.

ఒక్క జాగ్రత్త. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ వేరు: అది క్వెరీని నిజంగానే నడుపుతుంది. డిలీట్ ముందు పెడితే వరుసలు పోతాయి. తప్పనిసరైతే బిగిన్, రోల్‌బ్యాక్ (చేసిన మార్పుల్ని వెనక్కి తీసుకునే ఆదేశం) మధ్య పెట్టండి. రోల్‌బ్యాక్ అయ్యేదాకా ఆ వరుసలకు తాళం పడే ఉంటుంది కాబట్టి, కాటా దగ్గర ఎంట్రీలు పడుతున్న వేళ వద్దు.