పిల్లాడు దారి తప్పుతుంటే ఇంట్లో మాటలు లెక్కెయ్యండి

కోచింగ్ ఎగ్గొట్టి విశాఖ ఆర్కే బీచ్‌లో తేలిన పదిహేనేళ్ళ పిల్లాడి దగ్గర ఫోన్ లాక్కుంటే, ఈసారి దొరక్కుండా అబద్ధమాడటం నేర్చుకుంటాడు. ముందు చూడాల్సింది చిన్నప్పట్నించి వాడి చెవిన ఏం పడుతోందో. "నిన్ను కన్నందుకు", "పక్కింటోణ్ణి చూడు", "హాస్టల్లో పడేస్తా" అనేవి రోజూ విన్నవాడికి మామూలు మాటలోనూ ఈసడింపే వినిపిస్తుంది. "ఎక్కడికెళ్ళావురా" అనగానే గయ్యిమంటాడు. కొందరు ఎదురు తిరుగుతారు, సిగరెట్టు పడతారు. కొందరు తలుపేసుకుని గదిలో ఉండిపోతారు, వాళ్ళని బుద్ధిమంతులనుకుని వదిలేస్తాం. ఒక్క తిట్టూ తిట్టకుండా, ఏళ్ళ తరబడి పట్టించుకోకపోయినా ఇంతే. (మొండితనమంతా పెంపకం వల్లే రాదు. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కూడా కనుక్కోండి.)

ఒక వారం, మీరు వాడితో అన్న మాటలు నోటుబుక్కులో రాయండి. "కోప్పడ్డాను" అని రాస్తే పనికిరాదు. "రాత్రి 9:20. నువ్వెందుకూ పనికిరావు అన్నాను. కంచం తోసేసి లేచిపోయాడు." ఇలా, అన్న మాట అన్నట్టే ఉండాలి. వారం చివర ఎక్కువసార్లు కనిపించిన మాట ఏదో చూసి, ముందు ఆ ఒక్కటి మానండి. అన్నీ ఒకేసారి మానబోతే మూడో రోజుకే మళ్ళీ మొదటికొస్తుంది.

మందలించొద్దని కాదు. "అబద్ధాలకోరు" అనే బదులు "నిన్న కోచింగ్‌కి వెళ్ళలేదు, వెళ్ళానన్నావు" అనండి. శిక్షేదో ముందే చెప్పి, అంతే వెయ్యండి.

రోజూ 10 నిమిషాలు మార్కుల ఊసు లేకుండా కూర్చోండి. స్టీల్‌ప్లాంట్‌లో బి షిఫ్టు నాన్నకి సాయంత్రం కుదరదు, పొద్దున్న టిఫిన్ దగ్గరైనా చాలు. నోరు జారితే "నిన్న అలా అనకుండా ఉండాల్సింది" అని ఆగిపోండి. "కానీ నువ్వు కూడా" అన్నారో, అడిగిన క్షమాపణ గంగలో కలిసినట్టే.

మొదట్లో వాడి అల్లరి పెరగొచ్చు. ఈ మార్పు ఎన్నాళ్ళుంటుందో చూద్దామని గిల్లుతాడు. చాలామంది సరిగ్గా అప్పుడే విసిగి వదిలేస్తారు.

చేతిమీద కోతలు, చచ్చిపోతానన్న మాట, మత్తు కనిపిస్తే మాత్రం నోటుబుక్కు పక్కన పెట్టి ఆ రోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, రాత్రయినా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లల్ని ఎవరైనా హింసిస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అయితే "వాల్తేరు పంపించేస్తా" అని బెదిరించిన ఇంట్లో పిల్లాడు అక్కడికి రమ్మంటే రాడు, ఆ మాట ఈరోజే మానెయ్యండి. డాక్టర్ని కలిసేదాకా ఒంటరిగా వదలొద్దు. మాత్రలూ ఎలుకలమందూ ఇంట్లోంచి తీసెయ్యండి.