కష్టమైన సంగతులు పిల్లలకు రాయడం – 4వ పాఠం: పోలిక ఎంతవరకు

ఇంట్లో ఒకరు డయాలసిస్‌కు వెళ్తున్న ఎనిమిదేళ్ల పిల్లకు కిడ్నీ చేసే పనిని ఒక్క పేజీలో చెప్పమని గత పాఠం చివర అడిగాను. మీరు రాసిన పేజీలలో చాలావాటిలో జల్లెడ ఉంది. ఆ పోలికను సూచించినది నేనే కనుక, ఈసారి చెప్పవలసిన బొమ్మల సంగతిని వాయిదా వేసి ముందు దీనిని సరిచేస్తాను.

వాటిలో ఒక పేజీని, మన శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో, కవిటి మండలంలోని ఒక ఇంట్లో చదివి వినిపించాను. "కిడ్నీ జల్లెడ లాంటిది. రక్తంలోని చెత్తను వడగడుతుంది. తాత జల్లెడ మూసుకుపోయింది" అని అందులో ఉంది. పిల్ల శ్రద్ధగా విని, వంటింట్లోకి వెళ్లి, మేకుకు తగిలించిన జల్లెడను తెచ్చి, తిరగేసి అరచేత్తో రెండుసార్లు తట్టింది. కన్నాలలో ఇరుక్కున్న నూక రాలింది. "మరైతే తాతది కూడా ఇలాగే తట్టీసి పెట్టీవచ్చు కదా?" అని అడిగింది. మంచం మీద ఉన్న తాత ఆ మాట విన్నారు. పిల్ల ఆలోచనలో ఏ లోపమూ లేదు. మనం ఇచ్చిన జల్లెడను ఆమె జల్లెడలాగే వాడింది.

పిల్లలు పోలికను మనం చూపిన కోణం నుంచి మాత్రమే చూడరు, వస్తువును మొత్తంగా తీసుకుంటారు. జల్లెడ అనగానే దానిని కడగవచ్చు, సంతలో కొత్తది కొనవచ్చు, కింద పడినది పిండి, పైన మిగిలినది పొట్టు అనే సంగతులన్నీ దానితోపాటు వస్తాయి. కిడ్నీ విషయంలో వీటిలో ఏదీ సరిపోదు. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు వడపోత దాటకుండా రక్తంలోనే ఉండిపోతాయి. అంతవరకు జల్లెడ పనికి వస్తుంది. కిందికి దిగేదానిలో మాత్రం యూరియా అనే చెత్తతోపాటు నీరు, ఉప్పు, చక్కెర కూడా ఉంటాయి, ఈ మూడూ శరీరానికి కావలసినవే. రోజుకు అలా దిగే ద్రవం దాదాపు 180 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెతో 12 బిందెలు. మూత్రంగా బయటికి పోయేది సుమారు ఒకటిన్నర లీటరు. మిగిలినదంతా తిరిగి రక్తంలోకే చేరుతుంది. కింద పడినదానిని వెనక్కి తీసుకునే జల్లెడ ఏ ఇంట్లోనూ లేదు. (12 బిందెలు అని రాసిన వెంటనే, ఒంట్లో ఉన్న ఐదు లీటర్ల రక్తమే పదేపదే తిరిగి వస్తుందని కూడా రాయండి. లేకపోతే అన్ని నీళ్లు ఒంట్లో ఎక్కడున్నాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు.)

ఉద్దానం పిల్లలకు నేనైతే జీడిపప్పు బల్లను చూపిస్తాను. పలాసలో పొట్టు తీసిన పప్పును బల్ల మీద కుప్పగా పోసి, చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు ఏరుకుంటారు; ఎవరికీ అక్కరలేనిది చివరికి బల్ల మీద మిగులుతుంది. ముందు అంతా పోయడం, తరువాత కావలసినది ఏరుకోవడం కిడ్నీ పనికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆ వెంటనే పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి: "బల్ల దగ్గర ఒకరు రాకపోతే ఇంకొకరిని కూర్చోబెడతారు. ఒక్కో కిడ్నీలో ఇలా ఏరే చిన్న గొట్టాలు దాదాపు పది లక్షలు ఉంటాయి. పాడైపోయినవాటి చోట కొత్తవి పుట్టవు." పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఈ చివరి వాక్యంలోనే ఉంది. అది వినడానికి కష్టంగా ఉంటుందని మీలో కొందరు తీసివేస్తారు. తీయకండి, దాని పక్కనే, తాతకు ఆ పనిలో కొంత డయాలసిస్ యంత్రం చేస్తుందని, వెళ్లిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు పడుతుందని రాయండి.

వాక్యం పొడవు, పేజీకి ఎన్ని మాటలు అన్న విషయాలు మళ్లీ చెప్పను. "మూత్రపిండం" అని రాయాలా అన్నదానికి జవాబు ఒక్కటే: ఆ ఊళ్లలో పిల్లలు పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కిడ్నీ.

ఇంకొక మాట. మూడు పేజీలలో "తాత నీళ్లు సరిగా తాగలేదు, అందుకే" అని ఉంది. ఉద్దానంలో ఈ జబ్బుకు అసలు కారణం ఇదేనని ఇంతవరకు రుజువు కాలేదు. రుజువు కాని "అందుకే" పిల్ల చేత తాతను తప్పుపట్టిస్తుంది. "ఎందుకు వస్తోందో శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతున్నారు" అని రాయండి; పిల్లలు ఆ మాటను పెద్దవాళ్ల కంటే సులువుగా ఒప్పుకుంటారు.

అభ్యాసానికి జబ్బును పక్కన పెట్టి నదిని తీసుకుందాం. వంశధార ఒడిశాలో పుట్టి మన జిల్లాలోకి వస్తుంది. మన ఊళ్లో చినుకు పడకుండానే నదికి వరద ఎందుకు వచ్చిందో ఒకే పోలికతో ఒక పేజీ రాయండి. ఇద్దరు పిల్లలకు విడివిడిగా చదివి వినిపించండి. వాళ్లు అడిగినప్పుడు జవాబు చెప్పకుండా, ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పది ప్రశ్నలు పోగయ్యే వరకు పేజీని దిద్దకండి. తరువాత ఒక్కో ప్రశ్న ఎదుట, మీ పేజీలోని ఏ మాట దానిని పుట్టించిందో రాయండి. నాకు పేజీతోపాటు ఆ ప్రశ్నల కాగితం కూడా కావాలి. అయిదో పాఠం దానితోనే మొదలవుతుంది.