పోస్ట్‌మార్టంలో కనిపించే మచ్చ జబ్బుదా, చచ్చాక వచ్చిందా? తేల్చుకోవడం ఎలా

పశువుల పోస్ట్‌మార్టం కొత్తగా చేసేవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట బోల్తా పడతారు. లివర్ మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే చాలు, నెక్రోసిస్, అంటే బతికుండగానే కణాలు చచ్చాయి, అని రాసేస్తారు. నేనూ అలా పేజీలు నింపినవాణ్ణే, తీరా సెక్షన్, అంటే పల్చటి పొర, తీసి మైక్రోస్కోప్ కింద పెడితే జబ్బు జాడే ఉండేది కాదు, చనిపోయాక కణాలు తమ ఎంజైములతో తామే కరిగిపోవడం, అంటే ఆటోలిసిస్, అదొక్కటే కనిపించేది. అందుకే ఏ మచ్చ చూసినా ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఇది జరిగేటప్పటికి పశువు బతికి ఉందా?

కత్తి పట్టే ముందు ఒక హెచ్చరిక. ఆవో గొర్రో ఉన్నట్టుండి చనిపోయి, ముక్కులోంచో మలద్వారంలోంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే కోయకండి. ముందు రక్తపు స్మియర్ (గాజు పలక మీద పల్చగా రాసిన చుక్క) చూసి ఆంత్రాక్స్ కాదని తేల్చుకోవాలి. కోస్తే గాలి తగిలి ఆ బాక్టీరియా స్పోర్లుగా, అంటే గట్టి పెంకున్న నిద్రాణ రూపంలోకి, మారుతుంది, అవి మట్టిలో ఏళ్ల తరబడి చావవు.

సరే, కోశారు. బతికున్న ఒంట్లో ఎక్కడైనా కణాలు చస్తే చుట్టూ ఉన్న కణజాలం ఊరుకోదు, రక్తనాళాలు ఉబ్బుతాయి, ద్రవం కారుతుంది, తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. కిడ్నీలో ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిన భాగం) చూడండి, రక్తనాళం మూసుకుపోయిన మేరకు ముక్క కోసినట్టు త్రికోణంగా పాలిపోయి ఉంటుంది, దాని అంచున ఎర్రటి గీత ఉంటుంది. ఆ ఎర్ర గీతే మీ సాక్ష్యం. ఆటోలిసిస్‌కి అలాంటి అంచు ఉండదు, అవయవమంతా ఒకే తీరుగా మెత్తబడి రంగు చెడుతుంది. పేగు లోపలి పొర, పాంక్రియాస్ అన్నిటికంటే ముందు పాడవుతాయి కాబట్టి అక్కడ కనిపించినదాన్ని తొందరపడి నమ్మొద్దు.

మోసం చేసేవి ఇంకొన్ని ఉన్నాయి. ఒక ఊపిరితిత్తి ముదురు ఎరుపుగా, రెండోది లేతగా ఉంటే న్యుమోనియా అనుకోకండి, కళేబరం ఏ పక్కకి పడి ఉందో అడగండి, రక్తం కిందికి దిగుతుంది. గాల్‌బ్లాడర్ ఆనుకున్న చోట లివర్ పచ్చబడటం, పేగులు తగిలిన చోట ఆకుపచ్చ నలుపు మచ్చలు పడటం, ఇవన్నీ చచ్చాక వచ్చినవే. గుండెలో గడ్డ కనిపిస్తే మెల్లగా లాగండి: మెరుస్తూ, సాగుతూ ఊడి వస్తే చనిపోయాక కట్టిన గడ్డ, గోడకి అంటుకుని, మెరుపు లేకుండా, పొడిపొడిగా విరిగితే త్రాంబస్, అంటే బతికుండగా కట్టిన గడ్డ. పొరల మీద పసుపుపచ్చటి పదార్థం ఉన్నా వేలితో లాగడమే పరీక్ష. సులువుగా ఊడితే ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్), అంటే ఇటీవలిది. ఊడకుండా మొరాయిస్తే ఫైబ్రస్ కణజాలం (గాయం మానేటప్పుడు ఏర్పడే నారలాంటిది), చాలా రోజుల కథ.

మైక్రోస్కోప్ దగ్గర అందరూ న్యూక్లియస్ మీద పడతారు. అది ముడుచుకుంటే పిక్నోసిస్, ముక్కలైతే కారియోరెక్సిస్, వెలిసిపోతే కారియోలైసిస్, నిజమే. కానీ ఆటోలిసిస్‌లోనూ న్యూక్లియస్ ఇలా చెడుతుంది, దాన్ని ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్తే దెబ్బ తింటారు. ముందు 4ఎక్స్ లెన్స్‌లో, అంటే తక్కువ పెద్దదిగా చూపేదానిలో, స్లైడ్ మొత్తం తిప్పి చూడండి, మార్పు ఒక చోటే ఉందా, అంతటా పరుచుకుని ఉందా, పక్కన న్యూట్రోఫిల్స్ (ముందుగా వచ్చి చేరే తెల్ల రక్తకణాలు) ఉన్నాయా, రక్తనాళాల్లో ఎర్ర రక్తకణాలు నిలిచి ఉన్నాయా లేక అవీ కరిగి నీడల్లా ఉన్నాయా. దీనికో మెలిక కూడా ఉంది: దెబ్బ తగిలిన కొద్ది గంటల్లోనే పశువు పోతే కణం చచ్చినా ఆ ఆనవాలు మామూలు స్టెయిన్‌లో ఇంకా కనిపించకపోవచ్చు. స్లైడ్ బాగుంది కాబట్టి గుండెకి ఏమీ కాలేదని రాయకండి.

లివర్ కణాల్లో ఖాళీలు కనిపిస్తే అంచులు చూడండి. గుండ్రంగా, కత్తిరించినట్టు ఉండి న్యూక్లియస్‌ని పక్కకి నెడితే కొవ్వు. మసకమసకగా, ఆకారం లేకుండా ఉంటే నీరో గ్లైకోజెనో (కణంలో నిల్వ ఉండే చక్కెర). కొవ్వు బాగా పట్టిన లివర్ ముక్క ఫార్మలిన్‌లో (శాంపిల్ కుళ్లకుండా ఉంచే ద్రవం) తేలుతుంది, అది మైక్రోస్కోప్ అవసరం లేని పరీక్ష.

ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంటి ఎదురుదాడి వాపు, వయసు కూడా ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. మొదటి రోజు న్యూట్రోఫిల్స్‌ది రాజ్యం, ఒకటి రెండు రోజులకి మాక్రోఫేజ్‌లు (చెత్తని మింగే కణాలు) పెరుగుతాయి, ఆ తర్వాత కొత్త కేశనాళికలు, కొల్లాజెన్ వస్తాయి. జాతిని మాత్రం మరవద్దు. కోళ్లలో న్యూట్రోఫిల్స్ బదులు హెటిరోఫిల్స్ ఉంటాయి, వాటికి మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ లేదు, అందుకే కోడి చీము కారదు, గట్టి ముద్దలా కడుతుంది. దాన్ని చూసి టీబీ అని టెన్షన్ పడనక్కర్లేదు. ఆవుల్లోనైతే ఫైబ్రిన్ విపరీతంగా వస్తుంది, గొర్రె లింఫ్ గ్రంథిలో ఉల్లిపొరల్లాంటి చీము ఉంటే కేసియస్ లింఫడెనైటిస్‌నే (లింఫ్ గ్రంథుల్లో చీము పట్టించే బాక్టీరియా జబ్బు) ముందు అనుమానించాలి.

శాంపిల్ మచ్చ నడిబొడ్డు నుంచి తీయకండి, అక్కడ చచ్చిన చెత్తే ఉంటుంది. బాగున్న భాగం, పాడైన భాగం రెండూ వచ్చేలా అంచున కోయండి. ముక్క మందం 1 సెం.మీ. దాటకూడదు, 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ ముక్కకి పదింతలు ఉండాలి, ఫ్రీజర్‌లో అసలు పెట్టొద్దు, మంచు స్ఫటికాలు కణాలని చింపేస్తాయి. డబ్బాతో పాటు వెళ్లే కాగితం మీద పశువు చనిపోయిన సమయం, మీరు కోసిన సమయం రెండూ రాయండి. చాలామంది రెండోది ఒక్కటే రాసి పంపుతారు.