భుజం నొప్పికి ఇంటి సాధన – 3వ పాఠం: గోడతో మొదలు, పట్టీతో ముందుకు

గత పాఠం చివర వారం రోజులు చిట్టా రాయమన్నాను. ఏ పని చేస్తే నొప్పి వచ్చింది, 0 నుంచి 10 వరకు లెక్కలో ఎంత, మర్నాడు ఉదయానికి ఎలా ఉంది. ఇప్పుడు ఆ కాగితం ముందు పెట్టుకోండి. చెయ్యి పక్క నుంచి పైకి ఎత్తుతుంటే సుమారు 60 డిగ్రీల దగ్గర మొదలై 120 దాటాక తగ్గే నొప్పి, ఆ వైపుకు తిరిగి పడుకుంటే రాత్రంతా సలపడం, బంతి విసిరినప్పుడో స్మాష్ కొట్టినప్పుడో బండ ఎక్కుతూ పై పట్టు అందుకున్నప్పుడో జబ్బ బయటి వైపు కలుక్కుమనడం: ఈ మూడింటిలో రెండు మీ కాగితంలో ఉంటే ఈ పాఠం మీకోసమే.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. అద్దం ముందు నిలబడి మోచేతులు రెండూ నడుముకు ఆనించి, ముంజేతులను ముందుకు చాచి, తలుపు రెక్కలు తెరిచినట్టు బయటికి తెరవండి. నొప్పి ఉన్న చెయ్యి సగంలోనే ఆగిపోయిందా? ఇంట్లో ఎవరితోనైనా మెల్లగా నెట్టించి చూడండి. వాళ్లు నెట్టినా కదలకపోతే అది బహుశా భుజం బిగుసుకుపోవడం, అంటే ఫ్రోజెన్ షోల్డర్. మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువగా వస్తుంది. దాని దారి వేరు కాబట్టి ఈ పాఠం పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి. కింద పడ్డాక చెయ్యి ఎత్తలేకపోతున్నా, చేతి వేళ్లలో తిమ్మిరి, పట్టు సడలడం ఉన్నా, భుజం వాచి జ్వరం వచ్చినా అంతే. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది భుజం సంగతి కాకపోవచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి.

ఇక అసలు విషయం. రూపాయి బిళ్ల మీద నిమ్మకాయ నిలబెట్టడం ఎంత కష్టమో ఊహించుకోండి. భుజం కీలు దాదాపు అలాగే ఉంటుంది. జబ్బ ఎముక తల పెద్దది, అది ఆనే గుంట చిన్నది, లోతు తక్కువ. అందుకే చెయ్యి ఇన్ని వైపులా తిరుగుతుంది, అందుకే జారిపోయే ప్రమాదమూ ఉంది. ఆ నిమ్మకాయను బిళ్ల నడుమ పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు: పైన సుప్రాస్పైనేటస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్, ముందు సబ్‌స్కాపులారిస్. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. బౌలింగ్ చేసేటప్పుడు ఛాతీ, వీపులోని పెద్ద కండరాలు చేతిని ముందుకు విసురుతాయి. బంతి వదిలాక ఆ వేగాన్ని ఆపే బ్రేకు పని ఎక్కువగా వెనక ఉన్న ఈ చిన్న కండరాల మీద పడుతుంది. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం ఒక్క పూటలో పది ఓవర్లు వేసే వ్యక్తిలో ముందుగా అలిసేది బ్రేకే.

ఒక భయం గురించి కూడా చెప్పాలి. 1972లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్, భుజం పైకప్పులా ఉన్న ఎముక కొన తన కిందున్న స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడును (టెండన్), ఒరుసుకోవడం వల్లే ఈ నొప్పి వస్తుందని వివరించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ ఎముకను చెక్కే ఆపరేషన్లు విరివిగా జరిగాయి. 2018లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన బ్రిటన్ పరిశోధనలో ఎముక చెక్కిన వారినీ, గొట్టం పెట్టి లోపల చూసి ఏమీ చేయకుండా వదిలేసిన వారినీ పోల్చారు. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రమాదంలో స్నాయువు పూర్తిగా తెగిపోయిన వారి సంగతి వేరు, వాళ్లకు ఆపరేషన్ అవసరం కావచ్చు. మిగతా చాలామందికి కావలసింది స్నాయువు మోయగలిగే బరువును కొద్దికొద్దిగా పెంచడం. స్కానింగ్ రిపోర్టులో ‘చిన్న చిరుగు’ అని చూసి చెయ్యి కదపడమే మానేసిన వారిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఏ నొప్పీ లేని భుజాల్లోనూ అలాంటి చిరుగులు కనిపిస్తాయి.

మొదటి రెండు వారాలు గోడ. నొప్పి ఉన్న భుజం గోడ వైపు ఉండేలా పక్కగా నిలబడండి. చేతి తువ్వాలును చుట్టి మోచేతికీ పక్కటెముకలకూ మధ్య పెట్టుకోండి. మోచేయి 90 డిగ్రీలు వంచి, ముంజేయి ముందుకు చూసేలా ఉంచి, మణికట్టు వెనక భాగాన్ని గోడకు ఆనించండి. ఇప్పుడు గోడను బయటికి నెట్టండి. గోడ కదలదు, మీ చెయ్యీ కదలదు, భుజం వెనక కండరం మాత్రం గట్టిపడుతుంది. రెండో చేతి వేళ్లతో అక్కడ తాకి చూడండి, తెలుస్తుంది. బలమంతా పెట్టకండి, సగం చాలు. 30 సెకన్లు నెట్టి, ఒక నిమిషం ఆగి, మళ్లీ నెట్టండి. అలా 5 సార్లు, రోజూ. ఊపిరి బిగపట్టవద్దు, రక్తపోటు ఉన్నవారు మరీ జాగ్రత్త.

ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. నా దగ్గరకు వచ్చిన ఒక ఫాస్ట్ బౌలర్, నలభైకి దగ్గర పడిన వ్యక్తి, ఇంట్లో నెల రోజులు చేశానని, ఏ మార్పూ లేదని చెప్పారు. చేసి చూపించమన్నాను. గోడను నెట్టడం మొదలుపెట్టిన మూడో సెకనుకే ఆయన భుజం మెల్లగా పైకి లేచి చెవి దగ్గరకు పోయింది. మెడ పక్క కండరం తాడులా బిగిసింది, తువ్వాలు జారి కింద పడింది. పని చేయాల్సిన చిన్న కండరానికి బదులు మెడ కండరం పని చేస్తోందన్నమాట. బలం సగానికి సగం తగ్గించమని, మెడ మీద నా వేలు పెట్టి అది మెత్తగా ఉన్నంత మేరకే నెట్టమని చెప్పాను. పదిహేను సెకన్లకే వెనక కండరం వణికింది. నెల రోజుల్లో అది పని చేయడం అదే మొదటిసారి. మీరూ మెడ మీద వేలు పెట్టుకునే చేయండి. తువ్వాలు జారిందంటే మోచేయి పక్కకు పోయిందని గుర్తు, మళ్లీ మొదటి నుంచి.

గోడ దగ్గర నొప్పి 2 లోపు ఉంటే పట్టీకి వెళ్లవచ్చు. వ్యాయామానికి వాడే రబ్బరు పట్టీల్లో అన్నిటికన్నా మెత్తనిది తీసుకుని కిటికీ ఊచకు మోచేతి ఎత్తులో కట్టండి. బాగున్న భుజం కిటికీ వైపు ఉండాలి. తువ్వాలు అదే చోట, మోచేయి అదే వంపులో. పొట్ట ముందున్న ముంజేతిని పట్టీ లాగుతూ బయటికి తిప్పండి, 2 అంకెలు లెక్కపెట్టేంతలో. తిరిగి లోపలికి రావడానికి 4 అంకెలు తీసుకోండి. బౌలర్‌కైనా బ్యాడ్మింటన్ ఆటగాడికైనా తిరిగి వచ్చే ఆ నిదానమే ముఖ్యం, బ్రేకు కండరం మోత నేర్చుకునేది అక్కడే. 10 సార్లు ఒక వరస, మధ్యలో నిమిషంన్నర విశ్రాంతితో 3 వరసలు, రోజు విడిచి రోజు. చివరి రెండుసార్లు కష్టంగా ఉండాలి, కానీ కదలిక తీరు చెడకూడదు. 12 సార్లు సులువైతే కొంచెం గట్టి పట్టీకి మారండి.

మోతాదు సరిపోయిందో లేదో మర్నాడు ఉదయం చెబుతుంది. చేస్తున్నప్పుడు 3 వరకు నొప్పి ఉన్నా భయపడనక్కర్లేదు. లేవగానే చొక్కా వేసుకుంటూ, జడ వేసుకుంటూ గమనించండి. నిన్నటి ఉదయం లాగే ఉంటే అదే మోతాదు కొనసాగించండి. పెరిగితే ఆ రోజు ఆపి, తర్వాతి సారి ఒక వరస తగ్గించండి. పూర్తిగా మానేయకండి. ఐసు, వేడి కాపడం మీకు ఏది హాయిగా ఉంటే అది.

ఆట ఆపాలా అని చాలామంది అడుగుతారు. పూర్తిగా ఆపవద్దు. బౌలర్లు బ్యాటింగ్ చేయవచ్చు, ఫీల్డింగ్‌లో బంతిని కింది చేత్తో విసరవచ్చు. భువనగిరి బండ మీద సాధన చేసేవారు పాదాల మీద బరువు నిలిపి ఎక్కే వాలు బండలే ఎంచుకోండి, చేతుల మీద వేలాడే చోట్లు ఇప్పట్లో వద్దు. షటిల్ ఆడేవారు నెట్ దగ్గర ఆట, సర్వీసు సాధన చేసుకోండి, స్మాష్ వద్దు. స్నాయువు తీరిగ్గా మారుతుంది, 12 వారాల పని ఇది. 6 వారాల లోపు తీర్పు చెప్పకండి.

వచ్చే పాఠం వరకు చిట్టాలో మూడు గడులు చాలు: గోడకు ఎన్ని సెకన్లు లేదా పట్టీకి ఎన్ని సార్లు, చేస్తున్నప్పుడు నొప్పి, మర్నాటి ఉదయం నొప్పి. చెయ్యి తల పైకి ఎత్తేటప్పుడు వీపు మీది రెక్క ఎముక కూడా తిరగాలి. మొత్తం 180 డిగ్రీల్లో సుమారు 60 దాని వాటాయే. 4వ పాఠం దాని గురించి. ఈలోగా ఇంట్లో వాళ్లతో ఒక పని చేయించండి: మీరు రెండు చేతులూ నెమ్మదిగా ఎత్తి దించుతుంటే, చొక్కా లేకుండా లేదా పల్చటి బనియనుతో, వెనక నుంచి ఫోనులో వీడియో తీయించుకోండి. దించేటప్పుడు ఏ వైపు రెక్క ఎముక ముందుగా పైకి పొడుచుకొస్తుందో చూసి రాసిపెట్టండి.