ఒంటికి తగిలించే సర్క్యూట్ ఇంట్లో చేస్తున్నారా? స్విచ్ వేసే ముందు ఇవి చూసుకోండి

తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి, 555 టైమర్ ఐసీ (కరెంటుని లయగా ఆన్, ఆఫ్ చేసే చిప్) ఒకటి, కొన్ని రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, చేతుల్లో పట్టుకోవడానికి రెండు రాగి గొట్టాలు. ఒంట్లోకి చిన్న కరెంటు పంపి రోగాలు పోగొడుతుందని చెప్పుకునే ‘జాపర్’ అనే పరికరానికి కావలసిన సామాను ఇంతే. సోల్డరింగ్ కాస్త వచ్చినవాళ్లు ఒక్క సాయంత్రంలో చేసేయగలరు. ఇంత తేలిక కాబట్టే చాలామంది జాగ్రత్తల సంగతి ఆలోచించరు. రేడియో చేసినా, డోర్‌బెల్ చేసినా తప్పు జరిగితే కాలేది ఐసీ. ఇక్కడ సర్క్యూట్‌లో ఒక భాగం మన ఒళ్లే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట సూటిగా చెప్పాలి. 1990లలో హల్డా క్లార్క్ అనే ఆవిడ, రోగాలన్నిటికీ పరాన్నజీవులే మూలమనీ, చిన్న కరెంటుతో వాటిని చంపొచ్చనీ ప్రచారం చేశారు. ఏడు నిమిషాలు పట్టుకుని ఇరవై నిమిషాలు ఆపడం, అలా మూడుసార్లు చేయడం అనే పద్ధతి కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఒంట్లోని పురుగుల్ని, వైరస్‌లని, క్యాన్సర్‌ని ఈ పరికరం చంపుతుందనడానికి ఆధారం లేదు. సర్క్యూట్ చేయడం నేర్చుకోవడానికి మంచిదే, ఆ సరదా నాకూ ఉంది. కానీ దీన్ని నమ్ముకుని షుగర్ మాత్రలో, బీపీ మాత్రలో, టీబీ మందులో, క్యాన్సర్ వైద్యమో ఆపేస్తే, కరెంటు వల్ల జరిగే నష్టం కంటే అది ఎన్నో రెట్లు పెద్దది. మందు ఆపాలా తగ్గించాలా అన్నది డాక్టరే చెప్పాలి. మీరు ఇలాంటిది వాడుతున్నట్టు ఆయనకి చెప్పండి. తిడతారేమోనన్న మొహమాటంతో దాచొద్దు.

గోడ ప్లగ్‌తో సంబంధమే వద్దు

మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తు పెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ఒంటికి తగిలే పరికరం బ్యాటరీతోనే నడవాలి. బ్యాటరీలు మాటిమాటికీ కొనలేక చాలామంది ఒక పాత అడాప్టర్‌నో, ఫోన్ ఛార్జర్‌నో తగిలించేస్తారు. దాని మీద 9 వోల్టులనో 5 వోల్టులనో రాసి ఉంటుంది కాబట్టి భయం అనిపించదు. కానీ ఆ అంకె చెప్పేది బయటికి వచ్చే రెండు తీగల మధ్య ఉండే వోల్టేజీ. లోపల ఒకవైపు మెయిన్స్ కరెంటు ఉంది. దానికీ మీకూ మధ్య అడ్డంగా ఉన్నది చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇన్సులేషన్ పొర, ఒకటి రెండు చిన్న కెపాసిటర్లు. నాసిరకం ఛార్జర్లలో ఆ పొర సరిగా ఉండదు. బాగున్న ఛార్జర్లలో కూడా కొద్దిపాటి లీకేజీ ఉంటుంది. ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ ఇనప భాగం మీద చెయ్యి రాస్తే జివ్వుమన్నట్టు అనిపిస్తుంది చూడండి, అది ఇదే. ఆ పొర తెగిన రోజున రెండు చేతుల్లో తడి రాగి గొట్టాలు పట్టుకుని కూర్చుంటే వదిలేయడానికి కూడా వీలుండదు. మెయిన్స్ కరెంటు పది మిల్లీఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోతాయి, పట్టు విడవదు. యాభై, వంద మిల్లీఆంపియర్లు ఛాతీ మీదుగా పోతే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు.

రీఛార్జి బ్యాటరీ వాడితే ఛార్జ్ చేసేటప్పుడు ఒంటికి తగిలించకూడదు. రెండూ ఒకేసారి జరగడానికి వీల్లేకుండా చేసుకోవడం ఇంకా మేలు. బ్యాటరీని పరికరంలోంచి బయటికి తీస్తే తప్ప ఛార్జ్ కాని ఏర్పాటు పెట్టుకోండి. అలాగే గొట్టాలు చేతిలో ఉండగా పరికరాన్ని కంప్యూటర్‌కి గానీ, ప్లగ్‌కి పెట్టిన ఆసిలోస్కోప్‌కి గానీ కలపొద్దు. వేవ్ ఎలా ఉందో చూడాలనుకుంటే మనిషి స్థానంలో ఒక రెసిస్టర్ పెట్టి చూడండి.

బ్యాటరీయే కదా అనుకునేవారికి

9 వోల్టుల బ్యాటరీని ముట్టుకుంటే షాక్ కొట్టదు, నిజమే. పొడి చర్మానికి రెసిస్టెన్స్ చాలా ఎక్కువ, లక్ష ఓమ్‌ల దాకా ఉండొచ్చు. కానీ జాపర్ వాడేవాళ్లు చేసేదేమిటి? గొట్టానికి ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ చుడతారు, గట్టిగా పట్టుకుంటారు. అప్పుడా రెసిస్టెన్స్ దాదాపు వెయ్యి ఓమ్‌లకి పడిపోతుంది. చర్మం తెగి ఉంటే ఇంకా తగ్గుతుంది. లోపలి రక్తమాంసాల్లోంచి కరెంటు చాలా సులువుగా పోతుంది.

సాధారణంగా దొరికే సర్క్యూట్ బొమ్మల్లో 555 ఐసీ 3వ కాలు నుంచి ఒక వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి నేరుగా గొట్టానికి ఇస్తారు. ఓమ్ సూత్రం వేసి చూడండి. తొమ్మిదిని వెయ్యితో భాగిస్తే, గొట్టాలు రెండూ తగిలితే పోయే కరెంటు 9 మిల్లీఆంపియర్లు. తడి చేతుల్లోంచి అందులో సగం. ఇది ఎక్కువ. మొత్తం రెసిస్టెన్స్ పదివేల ఓమ్‌లకి తగ్గకుండా పెట్టుకుంటే గొట్టాలు రెండూ తగిలినా ఒక మిల్లీఆంపియర్ దాటదు. ఆ పదివేలని ఒకే రెసిస్టర్‌గా పెట్టొద్దు. రెండు గొట్టాల తీగల్లోనూ చెరో 5.6 కిలో ఓమ్‌లు పెట్టండి. ఒకదాని కాళ్ల మధ్య సోల్డర్ చుక్క పడి అది షార్ట్ అయినా రెండోది కాపాడుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఈ సర్క్యూట్ సెకనుకి ముప్పైవేల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఇంత వేగంలో నరాలు కరెంటుని సరిగా పసిగట్టలేవు. ప్లగ్‌లోని కరెంటైతే ఒక మిల్లీఆంపియర్‌కే తెలిసిపోతుంది, ఇదైతే తెలియదు. ‘ఏమీ అనిపించడం లేదు, పని చేయడం లేదేమో’ అనుకుని రెసిస్టర్ తగ్గించేవాళ్లూ, బ్యాటరీలు పెంచేవాళ్లూ ఉన్నారు. ఈ బ్యాటరీలు ఒకదానికొకటి గుండీల్లా టక్కున అతుక్కుంటాయి, పది పెడితే తొంభై వోల్టులు. అలా ఎప్పుడూ చేయకండి. 555 ఐసీ కూడా పదహారు వోల్టులు దాటితే తట్టుకోలేదు.

నొప్పి లేకుండా కాలే చర్మం

షాక్ గురించి అందరూ భయపడతారు, దీని గురించి ఎవరూ చెప్పరు. నాకు తెలిసింది కూడా అనుభవం మీదే.

555 అవుట్‌పుట్, అంటే దాని 3వ కాలు నుంచి వచ్చే వోల్టేజీ, సున్నా నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి సున్నాకి వెళ్తుంది. సున్నా కిందికి దిగదు. అంటే సగటున నాలుగున్నర వోల్టుల డీసీ ఎప్పుడూ ఒకే దిశలో పోతూ ఉంటుంది. చర్మం మీద చెమటలో ఉప్పు ఉంది, గుడ్డలో మనం పోసిన ఉప్పునీళ్లు ఉన్నాయి. అందులోంచి డీసీ పోతే, నెగటివ్ వైపు కాస్టిక్ సోడా లాంటి క్షారం తయారవుతుంది, పాజిటివ్ వైపు ఆమ్లం. రాగి కూడా పాజిటివ్ వైపు కరిగి పచ్చటి మరక పడుతుంది. మెరుపు కోసం నికెల్ పూత ఉన్న గొట్టం వాడితే నికెల్ చర్మంలోకి దిగుతుంది, చాలామందికి అది పడదు, దద్దుర్లొస్తాయి.

నేను మొదట్లో మణికట్టుకి పట్టీలతో ఒకటి చేశాను. ఒకరోజు ఐసీ ఆన్, ఆఫ్ చేయడం ఆగిపోయి అవుట్‌పుట్ తొమ్మిది వోల్టుల దగ్గరే నిలిచిపోయింది. నాకేమీ తెలియలేదు. పావుగంట తర్వాత పట్టీ తీస్తే కింద శనగగింజంత బూడిదరంగు మచ్చ. నొప్పి లేదు. మర్నాటికి అది పుండైంది. మానడానికి మూడు వారాలు పట్టింది, మచ్చ ఇంకా ఉంది. అప్పటినుంచి అవుట్‌పుట్‌లో వరసగా ఒక కెపాసిటర్ పెట్టకుండా దేన్నీ ఒంటికి తగిలించలేదు. 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ చాలు. డీసీ దాన్ని దాటి రాదు, ఐసీ చచ్చిపోయినా సరే. ఎలక్ట్రోలైటిక్ రకం వద్దు, దానికి లీకేజీ ఎక్కువ.

షుగర్ వల్ల చేతులు, పాదాలు మొద్దుబారినవారికి ఈ పుండు మరీ ప్రమాదం. వాళ్లకి కాలినట్టు తెలియదు, పుండు తొందరగా మానదు. వాళ్లు అసలు వాడొద్దనే నా మాట.

ఒంటికి తగిలించే ముందు పరీక్ష

మల్టీమీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ముందు ఐసీని సాకెట్ నుంచి తీసేసి, 3వ కాలు ఉండే చోటును బ్యాటరీ పాజిటివ్‌కి తీగతో కలపండి. అవుట్‌పుట్ కెపాసిటర్‌ని కూడా ఒక తీగతో దాటించండి. ఇప్పుడు రెండు గొట్టాల మధ్య మీటర్‌ని మిల్లీఆంపియర్ డీసీలో పెట్టి చూడండి. ఐసీ, కెపాసిటర్ రెండూ ఒకేసారి పాడైతే ఒంట్లోకి పోగల గరిష్ఠ కరెంటు అదే. కొత్త బ్యాటరీతో కూడా ఒకటి లోపే ఉండాలి. ఆ తర్వాత తీగలు తీసేసి, ఐసీ పెట్టి, గొట్టాల మధ్య వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ ఉంచి డీసీ వోల్టేజీ చూడండి. దాదాపు సున్నా రావాలి. రాకపోతే కెపాసిటర్ లీక్ అవుతోందన్నమాట. మామూలు మల్టీమీటర్ ముప్పై కిలోహెర్ట్జ్ (సెకనుకి ముప్పైవేల సార్లు మారే) ఏసీని సరిగా చూపదు, కాబట్టి ఆ రీడింగ్‌ని నమ్ముకోవద్దు. ఈ రెండు పరీక్షలూ ఒక్కసారి చేసి వదిలేయకుండా, పరికరం కింద పడ్డా, ఏదైనా మార్చినా మళ్లీ చేయండి.

సోల్డరింగ్ జాగ్రత్తలు అందరికీ తెలిసినవే: కిటికీ తెరిచి ఉంచండి, పొగ మీదికి వంగొద్దు, సీసం కలిసిన తీగ ముట్టుకున్నాక చేతులు కడుక్కునే ఏదైనా తినండి.

పాత కెమెరా ఫ్లాష్ సర్క్యూట్‌నీ, దోమల బ్యాట్ లోపలి బోర్డునీ మాత్రం ఈ పనికి వాడొద్దు. వాటిలోని కెపాసిటర్ కొన్ని వందల వోల్టులు, బ్యాట్‌లోదైతే వెయ్యికి పైగా కూడా దాచుకుంటుంది, బ్యాటరీ తీసేశాక కూడా. లిథియం బ్యాటరీతో వోల్టేజీ పెంచే చిన్న మాడ్యూళ్లు కూడా వద్దు. వాటి మీదున్న స్క్రూ కొంచెం తిరిగితే ముప్పై వోల్టులు దాటిపోతుంది.

ఎవరు వాడకూడదు, ఎక్కడ పెట్టకూడదు

గుండె లయని సరిచూసే పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్ లాంటివి ఒంట్లో ఉన్నవారు దీన్ని ముట్టుకోనే కూడదు. బయటి నుంచి వచ్చే పల్సుల్ని పేస్‌మేకర్ గుండె కొట్టుకోవడంగా పొరబడి, తన పని ఆపేయొచ్చు. ఇది ఊహ కాదు, జాపర్ వాడిన పేస్‌మేకర్ రోగి సంగతి 2004లో వైద్య పత్రికలో వచ్చింది. గుండె లయ జబ్బులున్నవారు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు కూడా దూరంగా ఉండాలి.

రెండు చేతులతో పట్టుకుంటే కరెంటు ఒక చేతి నుంచి రెండో చేతికి ఛాతీ మీదుగానే పోతుంది. అందుకే రెండు ఎలక్ట్రోడ్లూ (ఒంటికి తగిలే గొట్టాలో, పట్టీలో) ఒకే చేతి మీదో, ఒకే కాలి మీదో ఉంచండి. మెడ ముందు భాగం అసలు వద్దు. అక్కడ తలకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని దగ్గర ప్రేరణ తగిలితే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. కళ్లు, నోరు, పుండ్లున్న చోటు, తల కూడా వద్దు. తలకి కరెంటు పెట్టి జ్ఞాపకశక్తి పెంచుకోవాలనుకునేవాళ్లు ఎక్కువవుతుంటే, 2016లో మెదడు శాస్త్రవేత్తలు కొందరు హెచ్చరిస్తూ బహిరంగ లేఖ రాశారు. 1800లో బ్యాటరీని లోకానికి చూపిన వోల్టా తన చెవుల్లోనే తీగలు పెట్టుకుని చూశాడు. తలలో పెద్ద కుదుపు వచ్చి ఏదో ఉడుకుతున్న చప్పుడు వినిపించిందనీ, మళ్లీ ఆ జోలికి పోలేదనీ ఆయనే రాసుకున్నాడు.

ఇదే బ్యాటరీతో రెండు వెండి తీగలు నీళ్లలో పెట్టి ‘వెండి నీళ్లు’ చేసుకుని తాగడం ఇంకో అలవాటు. రోజూ తాగితే వెండి చర్మంలో పేరుకుని ఒళ్లు నీలి బూడిదరంగులోకి మారొచ్చు. ఆ రంగు మళ్లీ పోదు. వెండి నీళ్లు ఏ జబ్బుకీ పని చేస్తాయని గానీ, సురక్షితమని గానీ రుజువు కాలేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. దయచేసి ఆ దారిలో వెళ్లకండి.

కీళ్ల నొప్పికో, నడుం నొప్పికో కరెంటుతో ఉపశమనం కావాలనుకుంటే చర్మం మీది నుంచి నరాలకి చిన్న కరెంటు పల్సులు పంపే ‘టెన్స్’ అనే పరికరాలు వైద్యంలో వాడుకలో ఉన్నాయి. భద్రతా పరీక్షలు దాటిన బ్యాటరీ టెన్స్ ఒకటి కొనుక్కుని, ఫిజియోథెరపిస్టు చూపినట్టు వాడటమే నేను మా ఇంట్లోవాళ్లకి కూడా చెప్పేది.

ఇంత చెప్పాక కూడా చేసి చూడాలనిపిస్తే ఒంటరిగా ఉన్నప్పుడు, స్నానాల గదిలో, నిద్రపోయేటప్పుడు వాడొద్దు. మొదటిసారి రెండు నిమిషాలతో ఆపి చర్మం చూసుకోండి. గంట తర్వాత కూడా ఎర్రదనం తగ్గకపోతే ఇక పెట్టొద్దు. బూడిదరంగు మచ్చ గానీ బొబ్బ గానీ కనిపిస్తే, చాలాసేపు ధారగా పడే నీళ్ల కింద కడిగి, మందు పూయకుండా డాక్టర్‌కి చూపించండి. తల తిరిగినా, గుండె దడదడలాడినా, ఛాతీ పట్టేసినట్టున్నా పరికరం తీసేసి వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లండి. ఏ పరికరం, ఎంతసేపు, ఎక్కడ పెట్టుకున్నారో అక్కడ చెప్పండి, వీలైతే ఆ పరికరాన్ని కూడా వెంట తీసుకెళ్లండి.